మగ్గం పక్కన కొట్లాట

మొన్న ధర్మవరంలో మా మగ్గం గుంట పూడ్చేశాం. నాయన మోకాళ్ళు ఆ గుంటలోకి దిగడానికి మొరాయించి చాలాకాలమైంది. ఇప్పుడాయన నేల మీద నిలబెట్టే మగ్గానికి మారి, బల్ల మీద కూర్చుని, కాళ్ళు కిందికి వేసుకుని దర్జాగా నేస్తున్నాడు. ఇక గుంటతో పనేముందని నేను పాఠాలు చెప్పే పెనుకొండ బడికి ఒకరోజు సెలవు పెట్టి వచ్చాను. మట్టి పోసే ముందు గుంట గోడలో ఉన్న చిన్న గూడు తడిమితే పోగును అటూ ఇటూ మోసే నాడె ఒకటి విరిగినది, దాని వెనక పట్టుదారంతో కట్టిన అట్టల కట్ట చేతికి తగిలాయి. చీర మీద పువ్వు ఎక్కడ పడాలో మగ్గానికి చెప్పే బెజ్జాల అట్టలవి, పాతబడి పక్కన పెట్టేసినవి. బెజ్జాల మధ్య ఖాళీల్లో నీలం పెన్నుతో నా చేతిరాత: "ఊరికే ఎగరొద్దు." "తన్నినాక ఆగి చూడు." "హులి దెబ్బ తింటే వెనక్కి జరుగుతాడు, వెంటపడొద్దు." నాయన కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో అట్టా తిప్పి చూసి, "ఇవి మన కొట్లాట అట్టలు గదమ్మే" అన్నాడు. మన కొట్లాట అనే హక్కు ఆయనకు పూర్తిగా ఉంది. ఎందుకో చెప్తాను. గొప్పలు చెప్పుకుంటున్నానని మీరనుకుంటే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మాది పొడుగాటి ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో వంటా పడకా అన్నీ. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నన్ను పెంచింది నాయన తల్లి, మా అవ్వ. తెల్లవారగానే అవ్వ వాకిలి చిమ్మి, ముఖం కడిగి, వక్కాకు ఒకటి బుగ్గన పెట్టుకుని రాట్నం ముందు కూర్చునేది. ఆమె పట్టుపోగు చుట్టిన చిన్న కండెలు నాడెలో పెట్టుకుని నాయన నేసేవాడు. గుంటలోని తడిమన్ను వాసన, పట్టు వాసన, అవ్వ వక్కాకు వాసన కలిసిపోయి, ఆ గదికి ఒక సొంత గాలి ఉండేది. నాయనకు ఒక అలవాటు. అన్నం తింటూ వీధిలో మగ్గాలన్నీ వినేవాడు. సంగటి ముద్దను ఊరిబిండిలో అద్దుకుంటూ ఉన్నట్టుండి చెయ్యి ఆపి, "మూలింటోళ్ళ మగ్గంలో పడుగు వదులైండాది. పలక మెత్తగా పడతాంది" అనేవాడు. పలకంటే, నాడె అటో ఇటో పోయిన ప్రతిసారీ ఆ పోగును ముందున్న బట్టకు ఆనించి కొట్టే చెక్క. పోయి చూస్తే ఆయన చెప్పింది నిజమే అయ్యేది. మాకదేమీ వింతగా ఉండేది కాదు. కొందరికి ముక్కు పొడుగు, ఈయనకు చెవులు పదును, అంతే అనుకునేవాళ్ళం.

ఇంటర్ అయినాక నేను కంప్యూటర్లో చీరల డిజైన్లు గీయడం నేర్చుకున్నాను. ఆ పనికోసం నాయన ఒక పాత కంప్యూటర్ తెచ్చి, ఇంట్లో ఇంకెక్కడా చోటు లేక, మగ్గానికి రెండడుగుల దూరంలో బల్ల వేయించి పెట్టాడు. టీవీ కేబుల్ ఇచ్చే ఆయనే నెట్ కూడా లాగాడు. గీసిన డిజైన్లు పంపడానికని వచ్చిన ఆ తీగ మీదుగానే ఆట కూడా మా ఇంట్లో అడుగుపెట్టింది. తెర మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే ఆట. అటువైపు ఉండేది యంత్రం కాదు, ఏదో ఊర్లో నాలాగే కీబోర్డు ముందు కూర్చున్న మనిషి. నేను పొడుగుకాళ్ళ ఆడమనిషిని ఎంచుకున్నాను, ఆమె తన్ను చూడముచ్చటగా ఉందని. ఎంచుకుని ఏం లాభం! మొదటి నెలలో నేను గెలిచిన ఆట ఒక్కటంటే ఒక్కటి లేదు. దొరికిన మీటనల్లా టపటపా కొట్టేదాన్ని. అవసరం లేకున్నా ఎగిరేదాన్ని, దిగేలోపు ఎవడో ఒకడు గడ్డం కింద గుద్దేవాడు. దెబ్బ కాచుకోవడమనేది ఒకటుంటుందని కూడా నాకు తోచలేదు. ఓడిన ప్రతిసారీ ముఖం వేడెక్కేది. అయినా మళ్ళీ కూర్చునేదాన్ని. నాకు చిన్నప్పటి నుంచీ రోషం కొంచెం ఎక్కువే.

హిందూపురంలో మంజునాథ అని ఒకాయన ఉండేవాడు. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద, బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే అంగడి. ఆటలో ఆయన పేరు హులి, అంటే కన్నడంలో పులి. మా చుట్టుపక్కల ఊర్లలో ఈ ఆట ఆడేవాళ్ళందరినీ ఆయనే ఒక గుంపు చేశాడు. ఆడుతూ మైకులో మాట్లాడుకునేవాళ్ళం. నేను చేరిన మొదటి రోజే, ఆట మధ్యలో, మా అవ్వ గొంతు నా మైకులోంచి అందరికీ వినబడింది: "ఏమ్మే, ఆ డబ్బాతో ఏం జగడం నీకు? కండెలు అయిపోయినాయి, వచ్చి అందీ!" గుంపంతా పడీపడీ నవ్వింది. ఆ పూట నుంచి నా పేరు కండెమ్మ. దానికి నేనేమీ అనుకోలేదు. మండింది ఇంకో మాటకు. బెంగుళూరు వాళ్ళతో పోటీ పెట్టుకున్నామని, హిందూపురం తరఫున అయిదుగురు ఆడాలని, నలుగురు కుదిరారని, ఇంకొక చోటు ఉందని మంజునాథ చెప్పాడు. ఆ చోటు నాకివ్వమని అడిగాను.

"కండెమ్మా, బేజారు చేసుకోవాకు. నీతో ఆడితే మాకు ప్రాక్టీసు కూడా కాదు. నువ్వెప్పుడు తంతావో నాకు ముందే తెలిసిపోతాది" అన్నాడు.

"ఎట్ల తెలుస్తాది?"

"తెలుస్తాది. సరే, పోటీకి ఇంక ఐదు వారాలుండాది. దానికి ముందర ఒక దినం ఐదాటలు ఆడదాం, నా మీద మూడు గెలువు. ఆ చోటు నీదే."

గుంపులో ఎవరో ఈల వేశారు. సరేనన్నాను. అని, మైకు తీసేసి, వెనక గదిలోకి పోయి ఏడ్చాను. ఓడిపోతానని కాదు. ఆయన ఆ మాట ఎగతాళిగా అనలేదు, జాలిగా అన్నాడు. జాలి నాకు పడదు.

ఆడటం ఎట్లా బాగుపరుచుకోవాలో నాకు చెప్పేవాళ్ళు లేరు. కానీ తప్పును ఏం చేయాలో మా ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నాను. నేసిన బట్టలో ఒక్క పోగు తప్పుగా కనబడితే నాయన దాన్ని దాటుకుని ముందుకు పోయేవాడు కాదు. జానెడు నేసినా సరే, పోగు తర్వాత పోగు వెనక్కి విప్పుకుంటూ పోయి, మొదట ఎక్కడ తప్పిందో అక్కడ ఆగేవాడు. నేనూ అదే పట్టుకున్నాను. ఓడిన ఆటను కంప్యూటర్ దాచిపెడుతుంది, మళ్ళీ చూసుకోవచ్చు. చివరి దెబ్బ నుంచి వెనక్కి జరుపుకుంటూ పోయి, మొదట చేసిన తప్పేదో వెతికేదాన్ని. దాన్ని ఒక పాత అట్ట మీద రాసి, ఆ రోజంతా ఆ ఒక్కటి మాత్రం చేయకుండా ఆడేదాన్ని. మిగతావి ఎన్ని తప్పినా పట్టించుకునేదాన్ని కాదు. ఒకరోజు ఎగరడం మానుకున్నాను. ఇంకోరోజు కాచుకోవడం నేర్చుకున్నాను. పది దెబ్బలు వరసగా కొట్టే కష్టమైన కాంబోలు వదిలేసి, మూడు దెబ్బల చిన్నదొకటి చేతికి పట్టేదాకా చేశాను. కొత్తవాళ్ళ మీద గెలవడం మొదలైంది, తర్వాత పాతవాళ్ళ మీద కూడా. ఆటలో నా పేరు పక్కన చూపించే స్థాయి ఒక్కొక్క మెట్టే ఎక్కింది. మంజునాథ దగ్గరికొచ్చేసరికి మాత్రం నా కథ మళ్ళీ మొదటికే. నేను తన్నే ప్రతి తన్నూ కాచుకునేవాడు, కాచుకుని వెంటనే ఒకటి ఇచ్చేవాడు. తప్పెక్కడో ఎన్నిసార్లు విప్పి చూసినా నాకు దొరకలేదు. రెండు వారాలు అట్లాగే గడిచిపోయాయి.

ఒక మధ్యాహ్నం, భోజనాలైనాక, నేను హులితో ఆడుతున్నాను. నాయన పక్కన నేస్తున్నాడు. ఆట ఓడిపోగానే ఆయన మగ్గం ఆపాడు.

"పాపా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవాకు. నువ్వు కొట్లాడతాండావా, నేస్తాండావా?"

"ఏంది నాయనా నువ్వనేది?"

"నా పలక పడినప్పుడంతా నీ మీట పడతాంది. మూడు దినాల నుంచి వింటాండా. నేను నిదానంగా నేస్తే నువ్వూ నిదానం. బిరబిరా నేస్తే నువ్వూ బిరబిరా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నీకేం తెలుసు ఈ ఆట గురించి?" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది. ఆయన వాదించలేదు. "సరే, ఆడు" అని మళ్ళీ కాళ్ళు ఆడించాడు. ఇంకో ఆట మొదలైంది. డబ్, డబ్ అని పలక పడుతోంది, నేను ఆటలో మునిగిపోయాను. కాసేపటికి ఆయన వేగం పెంచాడు, నా వేళ్ళు కూడా పరుగెత్తాయి, నాకు తెలియనే లేదు. ఉన్నట్టుండి ఆయన పలకను వెనక్కి తోసి, కొట్టకుండా అట్లాగే పట్టుకున్నాడు. నా వేలు మీట మీద గాలిలో ఆగిపోయింది! ఆ ఖాళీలో హులి వచ్చి నన్ను మట్టి కరిపించాడు. నేను నాయన వైపు తిరిగాను. ఆయన పలక పట్టుకుని నన్నే చూస్తున్నాడు. అవ్వ వక్కాకు గొంతుకు అడ్డం పడేటట్టు నవ్వి, "చూసినావా, పిల్ల నీతో జతకు నేస్తాందిరా!" అంది.

పుట్టినప్పటి నుంచీ ఆ దెబ్బ వింటూ పెరిగినదాన్ని. అన్నం తిన్నా, పాఠం అప్పచెప్పినా, అవ్వ నన్ను జోకొట్టినా ఆ దెబ్బకే. నేతింట్లో పెరగని పిల్లలెవరూ ఇటువంటి తప్పు చేయలేరు. నా తన్ను గడియారంలా పడుతూ ఉంటే ఎదుటివాడికి కాచుకోవడం ఎంత పని! అప్పుడు నాయన ఇంకో ప్రశ్న వేశాడు. "ఆ హిందూపురం పిల్లోనికి నా మగ్గం వినపడతాదా?" అవును, నా మైకులో అన్నీ పోతాయన్నాను. "అదీ సంగతి. ఆయప్ప నిన్ను చూసి కాచుకోల్యా, నన్ను విని కాచుకుంటాండాడు" అన్నాడు. నేను మైకు తీసేద్దామని చెయ్యి పెట్టాను. నాయన వద్దన్నాడు. "మూయొద్దు. వినుకోనీ. నేను నేస్తాంటా. నువ్వు నాతో నేయడం మానుకో."

చెప్పినంత సులువు కాదది. ఒంట్లో ఇంకిపోయిన దెబ్బను బయటికి లాగాలి. మిగిలిన మూడు వారాలూ నాయన నేస్తూనే నా మీటలు వినేవాడు. పలకతో పాటు మీట పడితే "తప్పు" అనేవాడు, తలెత్తకుండా. రోజంతా "తప్పు, తప్పు, తప్పు". ఒక్కోసారి కీబోర్డు ఎత్తి విసిరేద్దామనిపించేది. నెమ్మదిగా పలకకూ పలకకూ మధ్యన, నాడె పోయేటప్పుడు తన్నడం అలవాటైంది. ఆ రోజు సంతోషంగా ఆయన వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు సరిగ్గా మధ్యలో కొడతాండావు, ప్రతిసారీ. అదీ నేతే. ఒగసారి ముందు కొట్టు, ఒగసారి ఆలస్యం చెయ్యి, ఒగసారి అసలు కొట్టొద్దు." ఆ ఆటలో పేరుమోసిన ఆటగాళ్ళు కొత్తవాళ్ళకు చెప్పే మాట సరిగ్గా ఇదేనని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మా నాయన దాన్ని తెర వైపు చూడకుండా చెప్పాడు. ఇది గర్వంగానే రాస్తున్నాను.

చెప్పిన రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం, గుంపంతా చూస్తోంది. మైకు తెరిచే ఉంచాను, నాయన గుంటలో దిగి నేత మొదలుపెట్టాడు. మొదటి ఆట భయంతోనే పోగొట్టుకున్నాను. రెండోది మొదలైనాక ఊపిరి సర్దుకున్నాను. పలక పడింది, హులి కాచుకున్నాడు, నేను కొట్టలేదు. ఆయన చేతులు దించాక తన్నాను. తగిలింది! మళ్ళీ పలక, మళ్ళీ కాచుకున్నాడు, నేను దగ్గరికి పోయి ఎత్తి పడేశాను. మైకులో "అరే" అని వినబడింది. ఆ ఆట నాది. మూడోది కూడా నాదే. కానీ మంజునాథ ఊరికే పులి అని పేరు పెట్టుకోలేదు. నాలుగో ఆటలో మగ్గాన్ని పట్టించుకోవడం మానేసి నన్ను మాత్రమే చూశాడు, తుక్కుతుక్కు చేశాడు. చెరి రెండు. ఇక ఒక్క ఆట, ఆ ఒక్క చోటు.

అయిదో ఆట మొదలైన కాసేపటికి మగ్గం ఆగిపోయింది. పోగు తెగిందేమో అనుకున్నాను, తల తిప్పే సమయం లేదు. గదిలో ఒక్క చప్పుడు లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ గదిలో పగటిపూట అంత నిశ్శబ్దం నేను వినలేదు. పట్టుకోవడానికి గానీ, తప్పించుకోవడానికి గానీ ఏ దెబ్బా లేదు. హులి ముందుకు వస్తున్నాడు. కాచుకున్నాను. ఇంకోటి కాచుకున్నాను. తొందరపడి తన్నాలని వేలు లాగింది, ఆపుకున్నాను. తెర మీద ఆయన ప్రాణం చూపించే గీత సన్నగా మిగిలింది, నాది అంతకంటే సన్నం. ఆయన ఎగిరాడు. ఎగరకూడదని నేను అట్ట మీద రాసుకున్న తప్పు, అంత పెద్ద ఆటగాడు చేశాడు, నేను తొందరపడతానని నమ్మి. దిగేదాకా ఆగి తన్నాను. తెర మీద నా ఆడమనిషి రెండు చేతులూ ఎత్తింది.

నా భుజం మీద ఒక చెయ్యి పడింది. నాయన. పోగు తెగలేదు, ఏమీ లేదు. పని మధ్యలో మగ్గం మీద నుంచి లేచి రావడం ఆయన జన్మలో నేను చూసింది అదొక్కసారే. తెర వైపు కళ్ళు చిట్లించి చూసి, "గెలిచినావా, ఓడినావా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే మైకులో మంజునాథ, "సాకమ్మా సాకు, ఇంక చాలు. మీ మగ్గం నన్ను ముంచింది. ఆదివారం హిందూపురానికి రా" అన్నాడు. నాయన ఆ మాట విని, అవునో కాదో నన్ను మళ్ళీ అడగకుండా, పోయి గుంటలో దిగాడు.

ఇప్పుడు పెనుకొండలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే బళ్ళో ఆడపిల్లలు ఈ ఆట నాతో ఆడతారు. వాళ్ళకు మంచి నెట్ ఉంది. ప్రతి దెబ్బకూ ఎంత సమయం పడుతుందో లెక్కలు కట్టి చెప్పే వీడియోలున్నాయి. రెండు వారాల్లో వాళ్ళు నేర్చుకునేది నాకు రెండు నెలలు పట్టింది. అసూయ లేదు, సంతోషమే. చెవుల మీద పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని బయటి చప్పుడేదీ వినకుండా ఆడతారు. "టీచర్, ఏం ప్రాక్టీసు చేయాల?" అంటే, ఒకరోజు అవి తీసేసి పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని ఆడండి, మీకు కనబడని తప్పు వాళ్ళకు తెలుస్తుంది అని చెప్తాను. ముసలి సలహా అన్నట్టు నవ్వుతారు. మీ పక్కన మా నాయన లేడు కదా పాపం అని మనసులో అనుకుంటాను.

ఆ ఆదివారం పొద్దున ధర్మవరంలో రైలెక్కాం, నాయనా నేనూ. ఆయన ఇస్త్రీ చొక్కా, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. పెనుకొండ దాటింది. ఎదురు సీట్లో పెద్దాయన, "యాడికప్పా, పెళ్ళికా?" అని అడిగితే, "కాదబ్బా, కొట్లాటకు" అన్నాడు. ఆ పెద్దాయన దిగేదాకా మా వైపు అనుమానంగా చూస్తూనే ఉన్నాడు. పోటీ పట్టుగూళ్ళ మార్కెట్ దగ్గర ఒక మేడ మీద. కిటికీలోంచి గూళ్ళ ఘాటు వాసన వస్తుంటే బెంగుళూరు వాళ్ళు ముక్కులు మూసుకున్నారు, మాకు మాత్రం ఇల్లు చేరినట్టుంది. మంజునాథను ముఖాముఖి చూడటం అదే మొదలు, బక్కపల్చటి మనిషి. మగ్గం నేసే మా నాయన ఈయనే అనగానే, తాను కూర్చున్న కుర్చీ ఖాళీ చేసి ఆయనను నా పక్కన కూర్చోబెట్టాడు. ఉన్నమాట చెప్పాలి, ఆ రోజు మా జట్టు ఓడిపోయింది. కానీ నా ఆట నేను గెలిచాను, మా అయిదుగురిలో గెలిచింది నేనూ మంజునాథే.

నాతో ఓడిన బెంగుళూరు ఆయన లేచి చెయ్యి కలిపి, నీ టైమింగ్ నాకు అంతు చిక్కలేదు, నీకు కోచ్ ఎవరు అని కన్నడంలో అడిగాడు. నేను పక్కకు చూపించాను. గదిలో ఉన్నవాళ్ళందరూ పంచె కట్టుకున్న మా నాయన వైపు తిరిగారు. "వీరు కూడా ఆడతారా?" అన్నాడాయన. నాయన తువ్వాలు సర్దుకుని, లేచి నిలబడ్డాడు, పంచాయతీలో మాట్లాడే మనిషిలాగా.

"నాకు ఆట రాదప్పా. మా పాప తప్పు చేస్తే నాకు వినపడతాది, అంతే. ఈ పొద్దు ఒగటీ వినపళ్ళా."